సీత అని పెడతారా ఎవరైనా?

ఆడపిల్ల పుట్టిన ఇంట్లో బాలసారె దగ్గరపడేసరికి పేర్ల గొడవ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పంతులుగారు నక్షత్రం, పాదం చూసి ఒక అక్షరం ఇస్తారు. సంఖ్యాశాస్త్రం తెలిసినాయన ఇంకో లెక్క చెప్తాడు. పిల్ల తండ్రి ఫోన్లో జాబితాలు తిప్పుతూ ఉంటాడు, మేనత్త వాట్సాప్‌లో ఇంకో ఇరవై పేర్లు పడేస్తుంది. పేరు చిన్నదిగా ఉండాలి, అమెరికావాడికి నోరు తిరగాలి, క్లాసులో ఇంకెవరికీ ఉండకూడదు, అర్థం మాత్రం సంస్కృతంలో ఉండాలి. ఇన్ని షరతులు పెళ్ళి సంబంధాలకి కూడా పెట్టరు.

ఇంతలో మూల మంచం మీంచి ఎవరో ముసలావిడ "శతభిషం మూడో పాదం కదర్రా, 'సీ' వచ్చింది. సీత అని పెట్టండి, హాయిగా ఉంటుంది" అంటుంది.

అంతే, అందరూ ఒక్కసారి ఆవిడవంక చూస్తారు. "సీత అని పెడతారా ఎవరైనా? ఆ తల్లి పడ్డ కష్టాలు చాలవా?"

ఆ మాట ఎవరంటారో కూడా నాకు తెలుసు. ఇంట్లో అందరికన్నా రాముడికి ఎక్కువ దణ్ణాలు పెట్టేవాళ్ళే అంటారు. గోడమీద పట్టాభిషేకం పటం ఉంటుంది, అందులో పక్కనే ఆవిడ కూర్చుని ఉంటుంది, రోజూ హారతి ఇస్తారు. పిల్లకి పేరు పెట్టమంటే మాత్రం వద్దు. అయినా తమాషా అక్కడ కాదు. ఇదే కుటుంబం ఇంకో రెండు రోజులు తర్జనభర్జన పడి చివరికి "వైదేహి" అని ఖాయం చేస్తుంది. లేకపోతే మైథిలి. మరీ పాతకాలం మీద మోజుంటే జానకి. కష్టాలు పడ్డది సీత ఒక్కతేనా, వైదేహి అడవికి వెళ్ళలేదా? జానకిని లంకకి ఎత్తుకుపోలేదా? మైథిలి అగ్నిలో దూకలేదా? నుదుటిరాత రాసే బ్రహ్మదేవుడికి పర్యాయపదాలు తెలియవని మనవాళ్ళ నమ్మకం కాబోలు.

పోనీ పేరు కష్టాల పేరా అంటే అదీ కాదు. సీత అంటే నాగేటి చాలు. అరక కట్టి దున్నితే కర్రు వెనకాల గీతలా తెరుచుకునే మట్టి. జనక మహారాజు నేల దున్నుతుంటే చాల్లో దొరికింది కాబట్టి సీత అన్నాడు, అంతే. ఈ పేరు రామాయణం కన్నా పాతది కూడా. రుగ్వేదం నాలుగో మండలంలో పొలం మీద ఒక సూక్తం ఉంది. అందులో ఎద్దులు, నాగలి, పగ్గాలు, వాన అన్నిటినీ తలుచుకుని సీతను దగ్గరికి రమ్మని, మాకు పంట ఇవ్వమ్మా అని దణ్ణం పెడతారు. అక్కడ ఆవిడకి మొగుడూ లేడు, వనవాసమూ లేదు. పొలం, పంట, అంతే. కౌటిల్యుడి అర్థశాస్త్రానికి వస్తే రాజుగారి వ్యవసాయాన్ని చూసుకునే అధికారి హోదా పేరు 'సీతాధ్యక్షుడు'. విత్తనాలు ఎప్పుడు వెయ్యాలి, వాన ఎంత పడాలి, కూలీలకి ఎంత ఇవ్వాలి ఇవన్నీ ఆయన పని. అంటే ఒకప్పుడు ఈ మాట చెవినపడితే జనానికి గుర్తొచ్చేది కన్నీళ్ళు కాదు, గింజలు. రైతు ఇంట్లో పుట్టిన ఆడపిల్లకి ఇంతకన్నా సరిపోయే పేరు నాకైతే తోచదు. వాసిరెడ్డి సీతాదేవిగారు 'మట్టిమనిషి' అని రైతు బతుకు మీద అంత పెద్ద నవల రాశారు కదా. పుస్తకం మీద రచయిత్రి పేరూ మట్టే, నవల పేరూ మట్టే. ఆవిడ ఆ లెక్క చూసుకుని పెట్టారని కాదు గానీ, అట్ట చూసినప్పుడల్లా నాకు సరదాగా ఉంటుంది.

మరి ఈ భయం ఎక్కణ్ణుంచి వచ్చింది? సామెతల్లోంచి అంటారు. "సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి." ఈ సామెతని ఒక్కసారి నిదానంగా వినండి. పీతకి ఎవరూ సీత అని పేరు పెట్టలేదు. అయినా దాని కష్టాలు దానికున్నాయి. పేరుకీ కష్టాలకీ సంబంధం లేదని ఇంతకన్నా తేటగా ఎవరు చెప్తారు? పైగా ఇంకో సామెత ఉంది, దాన్ని ఎవరూ బాలసారెలో ఎత్తరు. "సీత పుట్టుక లంకకు చేటు." ఇక్కడ కష్టం సీతకి కాదు, ఆవిడ జోలికి వెళ్ళినవాడికి. పిల్లకి రక్షరేకు కట్టే బదులు ఈ పేరు పెడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది నాకు.

మన పెద్దవాళ్ళకి కూడా లోపల కాస్త జంకు ఉండేదేమో, సీతని ఒంటరిగా వదలడానికి ఇష్టపడేవారు కాదు. పక్కన ఒకరిని తోడిచ్చేవారు. సీతామహాలక్ష్మి, సీతారత్నం, సీతాదేవి, సీతారామమ్మ. సీతామహాలక్ష్మి అన్న పేరు పెట్టడంలో ఉన్న తెలివి చూడండి. సీత అని మొక్కు తీర్చేసుకుని, వెంటనే మహాలక్ష్మి అని సిరి తగిలించేశారు. పిలవడం దగ్గరికి వచ్చేసరికి ఎవరి యాస వాళ్ళది. సీతారావమ్మ, సీతామాలచ్చి, సీతాలు, ఉట్టి సీతమ్మ. విశ్వనాథ్‌గారు 1978లో 'సీతామాలక్ష్మి' అని సినిమా తీస్తే ఆ పేరు ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు, ప్రతి వీధిలోనూ ఒకావిడ ఉండేది.

అత్తగారి పేరు సీతారత్నం అయ్యి, ఆ పేరు మనవరాలికి పెడితే ఇంకో చిక్కు. కోడలు అత్తగారిని పేరుపెట్టి పిలవకూడదు కదా, అందుకని సొంత కూతుర్ని కూడా పిలవలేదు. బుజ్జమ్మనో అమ్మడనో పిలిచి, ఆ పిల్ల అమ్మడుగానే పెద్దదై, అమ్మడుగానే పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయేది. శుభలేఖ చూస్తే గానీ అసలు పేరు సీతారత్నమని పక్కింటివాళ్ళకి తెలిసేది కాదు.

ఇక్కడ నాకు అర్థంకాని సంగతి ఒకటుంది. ఆడపిల్లకి వద్దనుకున్న ఈ పేరు మగపిల్లలకి మాత్రం ధారాళంగా పెట్టేస్తాం. మన్యంలో తెల్లవాళ్ళకి నిద్ర లేకుండా చేసిన అల్లూరి సీతారామరాజు. బందరులో 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య. పాటల సిరివెన్నెల సీతారామశాస్త్రి. కమ్యూనిస్టు సీతారాం ఏచూరి. వీళ్ళందరి పేరులోనూ ముందు నడిచేది సీతే, రాముడు వెనకే. ఏ తల్లీ 'మావాడి పేరులో సీత ఉంది, రేపు అడవుల పాలవుతాడేమో' అని దిగులుపడినట్టు నేను వినలేదు. అల్లూరి నిజంగానే అడవికి వెళ్ళాడు, అది వేరే సంగతి. కష్టం కూడా మగవాడి పేరులో పడితే త్యాగమవుతుంది, ఆడదాని పేరులో పడితే దురదృష్టమవుతుందేమో మరి.

పెళ్ళిళ్ళ సంగతికొద్దాం. మన శుభలేఖ తెరవండి. పైన వినాయకుడు, కింద ఒక సంస్కృత శ్లోకం. అది మొదలయ్యేదే జానకి పేరుతో. ఆవిడ దోసిట్లో ఉన్న తలంబ్రాల ముత్యాలు చేతుల ఎరుపుకి కెంపుల్లా ఉన్నాయనీ, రాముడి తలమీద పడితే మల్లెల్లా ఉన్నాయనీ, నల్లటి ఒంటిమీదికి జారితే నీలాల్లా మెరిశాయనీ దాని భావం. పెళ్ళికూతురు పేరుకి పైనే ఆ పెళ్ళికూతురి పేరు అచ్చేయించి ఊరంతా పంచుతాం. శ్రీరామనవమి వస్తే వీధివీధినా పందిరి వేసి ఆ పెళ్ళే మళ్ళీ చేస్తాం, పానకం తాగుతాం. భద్రాచలం కల్యాణానికి గోదావరి జిల్లాల భక్తులు వడ్లని రోట్లో దంచకుండా గోళ్ళతో ఒక్కొక్క గింజా ఒలిచి తలంబ్రాలు పంపిస్తారు. కల్యాణం అయ్యాక ఆ తలంబ్రాల పొట్లం ఇంటికి వస్తే, పెళ్ళికాని పిల్ల తలమీద రెండు గింజలు వెయ్యనిదే ఊరుకోరు. అంటే ఆవిడ పెళ్ళి మన పిల్లల పెళ్ళికి శుభం. ఆవిడ పేరు మాత్రం అశుభం!

సీత పుట్టింటివాళ్ళని చూడండి, వాళ్ళ లెక్క తిన్నగా ఉంటుంది. మిథిల వైపు, అంటే ఉత్తర బీహారూ ఇటు నేపాల్లో జనకపురం ఉన్న ప్రాంతమూ, మార్గశిర శుద్ధ పంచమిని సీతారాముల పెళ్ళిరోజుగా చేస్తారు. ఊరేగింపులు, పాటలు, అంతా ఘనంగానే. కానీ ఆ రోజున సొంత ఆడపిల్లకి పెళ్ళి చెయ్యరు. మా పిల్ల ఆ ముహూర్తానికి పెళ్ళాడి సుఖపడలేదు కదా అని. అయోధ్య వైపు పిల్లనివ్వడానికి వెనకాడే వాళ్ళు కూడా అక్కడ ఉన్నారు. త్రేతాయుగం నాటి వియ్యంకుల మీద అలక ఇంకా తీరలేదన్నమాట. అది కూతుర్ని ఇచ్చుకున్నవాళ్ళ కోపం, నాకు ముచ్చటేస్తుంది. వాళ్ళు ముహూర్తాన్ని తప్పుపట్టారు, అల్లుణ్ణి తప్పుపట్టారు, పిల్ల పేరుని తప్పుపట్టలేదు. అటువైపు సీత అన్న పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. మనం అల్లుణ్ణి నెత్తిన పెట్టుకుని పిల్ల పేరుని తప్పించేశాం.

మనవాళ్ళందరూ అలాగే అనుకున్నారా అంటే లేదు. మన ఆడవాళ్ళు వేరేగా అనుకున్నారు. మధ్యాహ్నం పూట వంటిల్లు సర్దుకుని, మగవాళ్ళు లేని వేళ పాడుకున్న రామాయణం పాటలున్నాయి. 'సీత గడియ' అని ఒకటి. సీతకి ఇంటిపని తెమిలి పడగ్గదికి వచ్చేసరికి ఆలస్యమవుతుంది, రాముడికి కోపమొచ్చి లోపల గడియ పెట్టుకుంటాడు. రావణుణ్ణి చంపిన వీరుడి కోపం సంగతి మనకి తెలుసు కదా, సీత ఏడుస్తూ గుమ్మం ముందు కూర్చుంటుందనుకుంటాం. కూర్చోదు. తిన్నగా వెళ్ళి అత్తగారికి చెప్తుంది. కౌసల్యమ్మ వచ్చి కొడుకుని మందలిస్తుంది. అంతే కథ! ధనుర్భంగం లేదు, వారధి లేదు. ఉమ్మడి కుటుంబంలో ఒక గడియ, ఒక అత్తగారు. ఇంకా సీత సమర్త, సీత పురుడు, ఊర్మిళాదేవి నిద్ర అని ఎన్నో ఉన్నాయి. వాటిల్లో సీతకి వేవిళ్ళున్నాయి, బాలింత పథ్యం ఉంది, మేలమాడే ఆడబిడ్డ ఉంది. వెల్చేరు నారాయణరావుగారు ఈ పాటల గురించి ఇంగ్లీషులో రాసిన వ్యాసం ప్రపంచంలో రామాయణం చదువుకునేవాళ్ళందరూ చదివారు. మనమే 'అమ్మమ్మలు ఏవో పాడుకునేవారు' అని వదిలేశాం. తర్వాత ఓల్గాగారి 'విముక్త' కథల్లో సీత అహల్యని, శూర్పణఖని, రేణుకని, ఊర్మిళని కలిసి మాట్లాడుతుంది. ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఎంత కొత్తగా ఉందో అన్నారు జనం. కొత్తే, కాదనను. కానీ ఆ సీత ఒకప్పటి మధ్యాహ్నాల నుంచే నడిచి వస్తోందని నా ఉద్దేశం.

ఆఖరికి రామదాసు కూడా ఎవరి దగ్గరికి వెళ్ళాడో చూడండి. గోల్కొండ ఖైదులో పడ్డవాడు రాముడితో అయితే పోట్లాట పెట్టుకున్నాడు. ఆ నగకి ఇంత, ఈ గోడకి ఇంత అని ఖర్చు లెక్కలు ఏకరువు పెట్టి దెప్పాడు. సీతమ్మ దగ్గర మాత్రం దెప్పుళ్ళు లేవు. మీరిద్దరూ ఏకాంతంలో ఉన్నప్పుడు నా సంగతి కాస్త ఆయన చెవిన వెయ్యమ్మా అని బతిమాలుకున్నాడు. ఆయనతో తగువు, ఆవిడతో సిఫార్సు! ఇంట్లో పని ఎవరివల్ల అవుతుందో రామదాసుకి బాగా తెలుసు. భద్రాచలం మూలవిరాట్టు కూడా అలాగే ఉంటుంది. అమ్మవారు పక్కన నిలబడి ఉండదు, స్వామి ఎడమ తొడ మీదే కూర్చుని ఉంటుంది. మాట చెవిన వెయ్యాలంటే అంతకన్నా దగ్గర ఏముంటుంది?

పిల్లలకి పెట్టకపోతేనేం, మిగతా సృష్టికంతా పెట్టేశాం ఆ పేరు. రెక్కలల్లార్చే ఆ పురుగు సీతాకోకచిలుక, అంటే సీతమ్మవారి కోక కట్టుకున్నదన్నమాట. భద్రాచలం దగ్గర పర్ణశాలలో బండల మీద చారలు చూపించి సీతమ్మ నారచీర ఆరేసిన గుర్తులంటారు. బతుకమ్మలో గునుగు, తంగేడుతో పాటు పేర్చేవాటిలో సీతజడ పూలున్నాయి. ఇక సీతాఫలం. అదసలు మన దేశం పండే కాదు, అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ కాలంలో ఓడెక్కి వచ్చింది. దిగగానే దానికి సీత అని పేరు పెట్టి, బాలానగర్ సీతాఫలమని గొప్ప చెప్పుకునేంతగా పాలమూరు గుట్టల్లో కలుపుకున్నాం. ఊరూ పేరూ తెలియని పరదేశి పండుకి ఇచ్చిన పేరు మన మనవరాలికి ఇవ్వడానికి చేతులు రావు.

ఈ పేరు పెట్టుకుని బతికినవాళ్ళు ఎలా బతికారో కూడా చూడాలి కదా. కోనసీమలో డొక్కా సీతమ్మగారు, 1841లో పుట్టి 1909లో పోయారు. లంకల గన్నవరం ఆవిడ అత్తవారి ఊరు, వైనతేయ గోదావరి ఒడ్డు. అప్పట్లో వంతెనలేవీ, పడవ దాటాలి, వరదొస్తే ఆగిపోవాలి. అలా ఆగిపోయినవాళ్ళకి, ఏ వేళప్పుడు తలుపు తట్టినా, కులం అడక్కుండా అన్నం పెట్టేవారు. ఒకసారి అంతర్వేది స్వామిని చూడాలని పల్లకీ ఎక్కి బయల్దేరారట. దారిలో ఒక చెట్టు కింద ఎవరో ప్రయాణికులు ఆకలితో ఏడుస్తున్న పిల్లల్ని "ఇంకాస్త దూరం నాన్నా, సీతమ్మగారి ఇల్లొచ్చేస్తుంది, అన్నం తిందువుగాని" అని ఊరుకోబెడుతున్నారట. అది విని స్వామి దర్శనం మానేసి, బోయీల చేత పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్ళు వచ్చేలోపు వంట చేసేశారని చెప్పుకుంటారు. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి రమ్మని పిలుపొస్తే వెళ్ళలేదని కూడా చెప్తారు. వెళితే ఇక్కడ వంట ఎవరు చేస్తారు మరి! గన్నవరం అక్విడక్టుకి ఆవిడ పేరే. 2024లో ఆంధ్రప్రదేశ్ బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే పెట్టారు. అన్నం ముందు కూర్చున్న ఇన్ని లక్షల మంది పిల్లలకి సీత అనగానే ముందు గుర్తొచ్చేది వనవాసం కాదనుకుంటాను. ముద్ద.

ఇంకొకావిడ ఉన్నారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు దనసరి అనసూయ. ములుగు అడవుల్లో నక్సలైటు ఉద్యమంలోకి వెళ్ళినప్పుడు తెచ్చుకున్న పేరు సీత. బయటికొచ్చి, లా చదివి, ఎమ్మెల్యే అయ్యి, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి, 2023 డిసెంబరులో తెలంగాణలో మంత్రి అయ్యారు. ఇప్పటికీ ఊరూవాడా సీతక్కే అంటారు. రామాయణంలో అనసూయ ఎవరో గుర్తుందా? అత్రి మహర్షి భార్య. వనవాసంలో ఉన్న సీతకి చీరా నగలూ ఇచ్చి సాగనంపింది. ఇక్కడ అనసూయ తన పేరే విప్పి పక్కన పెట్టి సీత అయింది. మన జానపదాలు ఊరూరా వినిపించిన వింజమూరి అక్కచెల్లెళ్ళు కూడా అనసూయ, సీతే. ఈ రెండు పేర్లకీ ఏదో పొత్తు ఉంది.

సినిమావాళ్ళకి మాత్రం ఈ భయాలు లేవు. 1963లో 'లవకుశ' వచ్చాక సీత వేషం వేసిన అంజలీదేవి కనిపిస్తే జనం దణ్ణాలు పెట్టారు. మొన్న 2022లో 'సీతారామం' వచ్చింది. ఆ కథలో ఉత్తరాలు రాసే అమ్మాయి అసలు పేరు నూర్జహాన్, రాజకుమారి. కోరి పెట్టుకున్న పేరు సీతామహాలక్ష్మి. థియేటర్లో కుర్రాళ్ళు ఆ పేరుకి ఈలలు వేశారు. వాళ్ళల్లో ఒక్కడైనా రేపు కూతురికి పెడతాడా అంటే అనుమానమే.

పెట్టేది ఏమిటో నాకు తెలుసు. ఈ మధ్య చెవినపడుతున్న పేరు 'సియా'. చిన్నది, కొత్తది, అమెరికాలో కూడా పలుకుతారు, 'సీ' అక్షరానికి కూడా సరిపోయింది. పాతకాలపు పేరు తప్పిందని అందరూ సంతోషం. ఉత్తరాదిన సీతకి వాడుక పేరే సియా, సియారామ్ అంటారే, ఆ సియానే ఈ సియా. ఈ సంగతి మా బంధువులొకరికి చెప్దామని నోటిదాకా వచ్చింది గానీ ఆగిపోయాను. ఇప్పుడు తెలిసి మాత్రం ఏం చేస్తారు, ఆధార్ కార్డు కూడా వచ్చేసిందట.